పుత్తడిబొమ్మ

ఆడపిల్ల అందంగా ఉంటే 'పుత్తడిబొమ్మ' అనడం మనకు వాడుక. ఆ ఉపమానాన్ని నిజంగానే పోతపోసిన శిల్పి ఒకడున్నాడని నాకు ఇటీవలే తెలిసింది.

మా తమ్ముని కుమార్తె ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు "పెదనాన్నా, ఇది చూడండి" అంటూ ఒక బొమ్మ చూపింది. కాళ్లు రెండూ తల వెనుకకు మెలివేసి కూర్చున్న స్త్రీమూర్తి. ఒళ్లంతా బంగారం. ఆంగ్ల శిల్పి మార్క్ క్విన్ 2008లో చేసిన 'సైరన్' అట. 18 క్యారెట్ల పసిడి, 50 కిలోల బరువు. ఆ ఏడాదే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన గ్రీకు శిల్పాల నడుమ నిలిపారు. పోలిక కేట్ మాస్‌ది. 1990లో 'ది ఫేస్' పత్రిక ముఖచిత్రంగా వచ్చి, ఆ పిమ్మట లెక్కలేనన్ని ఫ్యాషన్ ఛాయాచిత్రాలలో లోకం చూసిన మోడల్ ఆమె.

దేహం అంతగా మెలితిరిగినా ముఖంలో చలనం లేదు. అదేమని అడిగాను.

"ఇది ఆమె ప్రతిమ కాదు పెదనాన్నా, ఆమె ఫొటోలకు ప్రతిమ. లోకం కోరినట్టల్లా వంగుతుంది" అన్నది.

ఆ మాట నన్ను తాకింది. ముప్పై ఏళ్లు తరగతిలో నేను చేసినదేమిటి? చంద్రముఖి, సింహమధ్య, గజగామిని అంటూ ప్రబంధ నాయికలను వర్ణించాను. ఆ కొలతలతో పుట్టిన స్త్రీ లోకంలో లేదని ఒక్కనాడూ చెప్పలేదు. ఒక సంవత్సరం, కాస్త లావుగా ఉండే బాలికను మగపిల్లలు 'గజగామిని' అని పిలవసాగారు. విని నేనూ చిరునవ్వు నవ్వాను. తరగతిలో అందరికన్నా శ్రావ్యంగా పద్యం చదివే పిల్ల, ఆనాటి నుండి లేచి నిలబడటం మానివేసింది. ఎందుకని నేను అడగలేదు.

అదే శిల్పి చేసిన మరొక మూర్తిని కూడా మా అమ్మాయి చూపింది. చేతులు లేకుండా జన్మించిన ఆలిసన్ లాపర్ నిండు గర్భిణిగా ఉన్న పాలరాతి విగ్రహం. 2005 నుండి 2007 వరకు లండన్ ట్రఫాల్గర్ కూడలిలో, సేనానుల విగ్రహాల సరసన నిలిచింది. ఆ దేహాన్ని ఏ కొలతకూ సరిపెట్టలేదు, ఉన్నది ఉన్నట్టే చెక్కాడు.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. మొదటిదానికి ఉపమానాలు వాటంతటవే తోచాయి. రెండవదానికి ఒక్కటీ తోచలేదు, అవసరమూ కనబడలేదు.

ఆ బాలికకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడైనా గొంతెత్తి పద్యం చదువుతున్నదో లేదో!