మావాడి వానకోటు

వాన వస్తే ఇంట్లో కూర్చునే పిల్లవాడికి గొడుగు చాలు. మావాడికి ఆరేళ్లు, చినుకు పడిందంటే వాకిట్లోకి దూకుతాడు. అలాంటివాడికి కోటు కొనడమంటే పెళ్లిసంబంధం చూసినంత పని.

"జర పెద్దది తీసుకోండ్రి సార్, రెండేండ్లు వస్తది" అన్నాడు జహీరాబాదు బజారులో దుకాణదారు. ఏ తండ్రికైనా చెవికింపైన మాటే! కాని మోకాళ్లు దాటి వేలాడే కోటుతో పరుగెత్తితే మావాడు మొదటి గెంతులోనే బోర్లా పడతాడు. లోపల స్వెట్టరు పట్టేంత వదులు చాలునన్నాను.

1823లో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ గుడ్డకున్న చిక్కే ఈనాటి చవక ప్లాస్టిక్ కోట్లకూ ఉంది: వాన లోపలికి రాదు, చెమట బయటికి పోదు. కురుమల గొంగడి తడిసినా వెచ్చగానే ఉంటుంది గాని, నీళ్లు పీల్చిన ఆ బరువుతో వీడు గెంతగలడా? చంకల కింద గాలికన్నాలున్న కోటు ఏరాను.

రంగు దగ్గర పేచీ వచ్చింది. "ఎర్రమట్టి కనపడకుండా ముదురు రంగు తీసుకుందామండీ" అంది మా ఆవిడ. కాని పూనా–మచిలీపట్నం రహదారి మా ఊరి మీదుగానే పోతుంది. జోరువానలో లారీ డ్రైవరుకు ముదురు నీలం కనపడదు. పసుపుపచ్చకే పట్టుబట్టాను.

ఇక టోపీ. తలకు పెట్టి, "అటు చూడరా" అన్నాను. తల తిరిగింది, టోపీ తిరగలేదు. కళ్లు రెండూ టోపీలోనే ఉండిపోయాయి. రోడ్డు దాటేవాడికి అది గంతలు కట్టడమే. నాలుగోదానికి గాని తలతోపాటు తిరిగే టోపీ దొరకలేదు.

దుకాణదారు గొణుగుతూనే ఉన్నాడు. మావాడు అప్పటికే మెట్ల మీదినుంచి నీళ్లగుంటలోకి దూకాడు.