అవ్వ కోళ్ల గూడు

చిత్తూరు సీమ పల్లెలలో ప్రొద్దు క్రుంకు వేళ ఇల్లాండ్రు పెరటి వాకిట నిలిచి, గుప్పెడు నూకలు చల్లుచు కోళ్లను పిలుచుట పరిపాటి. కంపల చాటునను, పేడకుప్పల మీదను తిరుగుచున్న కోళ్లన్నియు ఆ పిలుపు విని పరుగెత్తి వచ్చును. చీకటిలో కోడికి చూపు సరిగా ఆనదు. పగలెల్ల గద్ద నీడను చూచి కేకవేసి తనవానిని హెచ్చరించు పుంజు సైతము రాత్రియైనచో కదలక మెదలక కూర్చుండును. ఆ వేళ దానికి కాళ్లు గాని రెక్కలు గాని దిక్కు కావు. మూసిన తలుపే దిక్కు.

శేషాచలపు అడవులలో నేటికిని బూడిదరంగు అడవికోళ్లు కూయుచుండును. పెంపుడు కోడికి మూలము ఆగ్నేయాసియాలోని ఎఱ్ఱ అడవికోడి యని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను, పెంపుడు కోళ్ల కాళ్లకును చర్మమునకును గల పసుపు వన్నె మన దక్షిణదేశపు బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినదని 2008లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. అడవికోడి చెట్టెక్కి నిద్రించును. పెరటికోడి మనుష్యుని నమ్మి నేలకు దిగినది. ఆ నమ్మకమునకు మనుష్యుడు తీర్చవలసిన ఋణమే గూడు.

చంద్రగిరి దుర్గమునకు కనుచూపు దూరములో, స్వర్ణముఖి నది చెంత, ఒక చిన్న పల్లె కలదు. చంద్రగిరి 2022వ సంవత్సరము వరకు చిత్తూరు జిల్లాలోనిది; నేడు తిరుపతి జిల్లాలోనిది. ఆ పల్లెలో ఒక అవ్వకు తొమ్మిది పెట్టలును, ఒక డేగపుంజును ఉండెను. పొలము పంట కొడుకు చేతిలోనిది; పాల డబ్బు కోడలి చేతిలోనిది; గ్రుడ్ల డబ్బు మాత్రము అవ్వది. మనుమనికి నోటు పుస్తకములు, తిరునాళ్లలో మనుమరాలికి గాజులు, తనకు వక్కాకు, ఇవన్నియు ఆ కొంగుముడి నుండియే వచ్చుచుండెను. ఒకరిని అడుగక యొకరికి ఈయగల చేయి ఆమెది.

ఆ కోళ్లకు గూడు లేదు. అవ్వ రాత్రివేళ వానిని వెదురు గంపల క్రింద కమ్మి, పైన రాయి పెట్టుచుండెను. మాఘమాసమున ఒకనాటి రాత్రి అడవిపిల్లి వచ్చి రాళ్లను దొరలించి గంపలను పడద్రోసినది. తెల్లవారునప్పటికి మూడు పెట్టలు లేవు. వానిలో ఒకటి పొదుగు పెట్ట. పదునొకండు గ్రుడ్లపై పందొమ్మిది దినములు కూర్చున్నది. గ్రుడ్డు పిల్ల యగుటకు 21 దినములు కావలెను. ఇంక రెండు దినములే! గ్రుడ్లు చల్లబడి యుండెను. అవ్వ వానిని చేటలోనికి ఎత్తి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “మిగిలినవానిని సంతలో అమ్మివేయుదము, నాయనా! కాచుకొనలేనివారికి పెంచుకొను హక్కు లేదు” అనెను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు ఆ మాటకు తాళలేకపోయెను. “ఒక్క నెల ఆగుము, అవ్వా! నేను గూడు కట్టెదను” అని వేడుకొనెను.

తాపీపని చేయు మేనమామ లెక్క చెప్పెను. కోడి యొకటికి ఒకటిన్నర చదరపు అడుగు చోటు కావలెను. పది కోళ్లకు 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలును. పొడవు తూర్పు పడమరలుగా నున్నచో ఎండ నేరుగా లోపలికి కొట్టదు. పెరటిలో పడియున్న నాలుగు రాతి కూసములను పాతి, నేలకు 2 అడుగుల ఎత్తున పాత తలుపు చెక్కలను పరచిరి. గోడలకు వెదురు తడికలు కట్టిరి. రేకు కప్పుదమని బాలుడనగా మామ నవ్వి, “అల్లుడా! మన సీమ ఎండలో రేకు క్రింద కోళ్లు కావు, కూర మిగులును” అనెను. బోద కప్పు వేసిరి. అడుగున వేరుసెనగ పొట్టు మందముగా పరచి, కూర్చుండుటకు గుండ్రని కఱ్ఱ యొకటి అడ్డముగా బిగించిరి. పాత సైకిలు ట్యూబు ముక్కలే తలుపునకు బందులైనవి.

అడవిపిల్లి భయముతో బాలుడు తడికలకు సందులేకుండ మట్టి మెత్తెను. మూడవనాడు తలుపు తీయగనే ఘాటైన వాసన ముక్కులకు కొట్టినది. కోళ్ల కన్నుల వెంట నీరు కారుచుండెను. రెట్టనుండి పుట్టు అమ్మోనియా వాయువు పోవుటకు దారి లేదు. “నాయనా! దొంగకు త్రోవ మూసితివి, మంచిదే. గాలికి త్రోవ యేది?” అని అవ్వ అడిగెను. బాలుడు సిగ్గుపడి, చూరు క్రింద రెండు వైపుల అడుగు మేర తడికను కోసివైచెను. అంగడిలో అతడు మొదట అడిగినది కోళ్ల జాలి. అది కోడిని లోపల ఆపును గాని, పిల్లి పంజాను వెలుపల ఆపలేదని మామ చెప్పగా, అరంగుళపు కన్నులు గల గట్టి జాలి తెచ్చి బిగించెను. నాటి రాత్రి మొదలు అవ్వకు నిద్ర పట్టినది.

కాని గూడు ఆపలేని దొంగ యొకడు కలడు. వేసవిలో ప్రక్క ఊరినుండి కొక్కెర తెగులు వార్త వచ్చినది. దానినే రాణిఖేత్ వ్యాధి యందురు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నందును, జావా దీవియందును గుర్తింపబడిన యీ వ్యాధి, పిమ్మట కుమావూ కొండలలోని రాణిఖేత్ పట్టణమున కనబడినందున మన దేశమున ఆ పేరు పొందినది. కోడి నోరు తెరచి రొప్పును, పచ్చగా పారును, మెడ వంకరపోవును. ఇది సూక్ష్మమైన వైరస్ వలన వచ్చును. వచ్చిన పిదప మందు లేదు. రాకముందు టీకా కలదు. వ్యాధి మనుష్యుల చెప్పులకు అంటిన రెట్టతోనైనను ఇల్లు మారును.

బాలుడు పశువైద్యశాలకు పరుగెత్తెను. అచ్చటివారు చెప్పినది విని ఆశ్చర్యపోయెను. టీకా మందు బుడ్డి యొకటి నూరు కోళ్లకు సరిపోవును. మంచులో ఉంచి తేవలెను. కలిపిన పిదప రెండు గంటలలోపల వాడవలెను, మిగిలినది పారబోయవలసినదే. “మీకున్నవి ఏడు కోళ్లు. తక్కిన తొంబదిమూడు ఎవరివి?” అని వారడిగిరి.

ఆ ప్రశ్నతోనే బాలుడు ఇల్లు చేరెను. అవ్వ ఆలోచనలో పడెను. ఏలయన ప్రక్కయింటి రైతుతో ఆమెకు రెండేండ్లుగా మాటలు లేవు. ఆమె కోళ్లు తన వేరుసెనగ విత్తనమును గెలికినవని అతడు కసరియుండెను. ఆమెయు ఊరకుండలేదు. “అతని కోళ్లు, మన కోళ్లు ఒకే కుప్పలో మేయుచున్నవి కదా, అవ్వా! ఆ గోడ మనకే గాని తెగులునకు అడ్డము కాదు” అని బాలుడనెను. అవ్వ మరికొంతసేపు కూర్చుండి, కొంగు సవరించుకొని, తానే లేచి ప్రక్కయింటి గడప తొక్కెను.

ముందునాటి రాత్రి వీధి బాలురు నిచ్చెనలు వేసి, చెట్లమీద నిద్రించు కోళ్లను దింపి గంపల క్రింద ఉంచిరి. వేకువనే సిబ్బంది వచ్చి, ఎనిమిది వారములు దాటిన కోళ్లకు చర్మము క్రింద సూది వేసిరి. చిన్న పిల్లలకు వేరు మందు కంటిలో చుక్కగా వేసిరి. చింతచెట్టు చివర నుండి దిగని కొన్ని మాత్రము మిగిలినవి. మూడు వారముల పిదప తెగులు ఆ పల్లెకు రానే వచ్చినది. చింతచెట్టు కోళ్లు పోయినవి. తక్కినవి నిలిచినవి.

ప్రక్కయింటి రైతు పెంచునవి గ్రామప్రియ పెట్టలు. అవి హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన జాతి. గ్రుడ్లు విరివిగా పెట్టునుగాని పొదుగుట అరుదు. అవ్వ నాటుపెట్టలు తక్కువ పెట్టునుగాని పొదుగుటలో వానికి సాటి లేదు. ఒకనాడు రైతు పదునొకండు గ్రుడ్లు తెచ్చి, “పిల్లలైనచో చెరిసగము, పెద్దమ్మా!” అని అవ్వ చేతికిచ్చెను.

ఇరువదియొకటవ దినమున బాలుడు తెల్లవారకమున్నే గూటి తలుపు కడ కూర్చుండెను. లోపల పెంకు చిట్లు చప్పుడు సన్నగా వినవచ్చినది. గోడకు ఆవలినుండి రైతు మెల్లగా అడిగెను: “ఎన్ని, నాయనా?”

“ఉండుము మామా, ఇంకను లెక్క పెట్టుచున్నాను” అని బాలుడు బదులు చెప్పెను.