ఆ గీత ఏదిరా?

నాన్నగారి చేతక్‌కి పెరట్లోనే రంగేశానండి. షెడ్డులో చెప్పిన రేటు వింటే అసలు బండే అమ్మేయాలనిపించింది. బజాజ్ వాళ్ళు 2009లో పెట్రోలు స్కూటర్లు ఆపేశారు కదా (2020లో వచ్చిన కరెంటు చేతక్‌ని నేను లెక్కెయ్యను), అందుకే వదల్లేను.

రంగెయ్యడం కన్నా గీకడమే పెద్ద పని. వాటర్ పేపరు నానబెట్టి మూడ్రోజులు రుద్దితే కింద ఇంకో రెండు రంగులు బయటపడ్డాయి. తుప్పున్న చోట రెడ్ ఆక్సైడు, సొట్టలకి లప్పం. స్ప్రే గన్ను ఎక్కడిది, డబ్బాలే గతి. మొన్న చినుకులు ఆగీ ఆగగానే తొందరపడి కొట్టేశాను. ఆరేలోపే పక్క రేకు మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర! థిన్నరు ఆవిరయ్యేటప్పుడు రంగు చల్లబడి గాలిలో తేమని పట్టేస్తుందిట. రాజమండ్రిలో తేమకి కరువా? మళ్ళీ రుద్ది, ఎండెక్కాక పల్చగా మూడు కోట్లు. అదే పాత నీలం, ఆర్సీలో ఉన్నది అదే మరి.

అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఎడంపక్క గీత ఏదిరా?" అంది. చిన్నప్పుడు నాన్నగారు నన్నెక్కించుకుని గట్టు మీద పడేసినప్పటి గీత. లప్పం పెట్టి పూడ్చేశాను.