పదిహేను, పదిహేడు

మా చిన్నాయన కూతురు పుట్టింది డెంకణికోటలో, పని బెంగళూరులో. క్రోమోజోములు పరీక్షించే ల్యాబులో టెక్నీషియను. "ఎప్పుడూ గుళ్ళూ గోపురాలేనా, మా పని కూడా చూసి రాయన్నా" అని పోరితే పోయాను. ల్యాబంతా తిప్పి చూపిస్తామన్నారు గానీ నేను ఆమె పక్క వదల్లేదు.

హోసూరు నుంచి వచ్చిన ఎముక మజ్జ అది. రాత్రంతా వెచ్చగా పెంచి, విభజన మధ్యలో మందుతో ఆపి, కణాలను ఉబ్బించి ఉంచారు. ఆమె పిపెట్టు జానెడెత్తున పట్టుకుని తడి స్లైడు మీద ఒక్క చుక్క వదిలి, వెంటనే ఊదింది. కణం పగిలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకోవాలి, లేకుంటే ఒకదాని మీద ఒకటి పడి ఏదేదో తెలీదు. "వానాకాలం ఒక చెయ్యి, ఎండాకాలం ఒక చెయ్యి అన్నా. చదివితే వచ్చేది కాదు." ఆ ఊదడం చూశాక పక్కనున్న ఖరీదైన యంత్రాల వైపు నా కన్ను పోలేదు.

చీకటి గదిలో అదే మజ్జకు ఇంకో పరీక్ష. 15వ క్రోమోజోములోని పీఎంఎల్ జీనుకు ఎర్రచుక్క, 17లోని రారా జీనుకు ఆకుపచ్చ చుక్క. ఆరోగ్యమైన కణంలో రెండేసి, దేనికది విడిగా ఉంటాయి. ఇక్కడ ఒక ఎరుపు, ఒక పచ్చ మిగిలి, తక్కినవి కలిసి రెండు పసుపు చుక్కలయ్యాయి. క్రోమోజోములు రెండూ తెగి ముక్కలు మార్చుకున్నాయన్నమాట. ఆ అతుకులో పుట్టిన ప్రొటీను తెల్లకణాన్ని ముదరనివ్వదు. జబ్బు పేరు అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా. షికాగోలో జానెట్ రౌలీ బృందం ఈ మార్పిడిని 1977లో పట్టింది. 1988లో షాంఘై డాక్టర్లు విటమిన్-ఎ జాతి మందును 24 మందికి ఇస్తే 23 మందికి దానితోనే జబ్బు అణిగింది. ఇదే జబ్బుకు ఆర్సెనిక్ ఒక్కదానితోనే వైద్యం చేసిన ఫలితాలను 2006లో ప్రకటించింది ఎవరో కాదు, కృష్ణగిరి మీదుగా పోతే వచ్చే వేలూరు సీఎంసీ. లుకేమియాల్లో బాగా నయమయ్యేదీ ఇదే, మొదటి రోజుల్లోనే రక్తస్రావంతో ప్రాణం తీసేదీ ఇదే.

బయట వరండాలో రాయకోట దిక్కు పెద్దాయన ఎవరితోనో అంటున్నాడు: "పండ్ల సందున రగతం కారతావుంటే పండ్ల డాక్టరు దగ్గరికి పొమ్మనిరి సామీ. ఒళ్ళంతా నల్ల మచ్చలొచ్చినాకే ఇక్కడికి తోలిరి."

నాకు ఒళ్ళు మండింది. పసుపు చుక్కలు చూసే యంత్రం ప్రతి ఊళ్ళో ఉండాలని ఎవరూ అనరు. అనుమానం తగలగానే, జన్యు పరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా విటమిన్-ఎ మందు మొదలుపెట్టాలని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ అనుమానానికి కావలసింది రక్తం పూసిన గాజు పలక, మామూలు మైక్రోస్కోపు, కణంలో కట్టెల మోపులా పేరుకున్న సూదులను గుర్తుపట్టే కన్ను. రక్తకణాలు లెక్కపెట్టే కౌంటరు యంత్రం అంకెలు అచ్చేసి ఇస్తుంటే స్లైడు చూసే ఓపిక తగ్గిపోతోంది. భూతద్దం కింద టైటాన్ గడియారాల సన్నపనికి మనుషులను తయారుచేసుకున్న హోసూరు, రక్తం చూసే నలుగురిని తయారుచేసుకోలేదా?