బూడిదరంగు తటస్థత కాదు

పాత ఫిల్మ్ కెమెరాలోని లైట్ మీటర్ ప్రపంచమంతా బూడిదరంగులో ఉందన్న నమ్మకంతో పనిచేస్తుంది. తనపై పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే వస్తువే దాని దృష్టిలో సగటు వస్తువు. ఎదుట ఉన్నది మల్లెల రాశి అయినా, బొగ్గు కుప్ప అయినా, దాన్ని ఆ మధ్యరంగులోకి తెచ్చే లెక్కే చెబుతుంది. సూది అబద్ధమాడదు. అయితే అది కొలిచేది వస్తువును కాదు, వస్తువు నుంచి తిరిగివచ్చిన వెలుతురును.

నా దగ్గరున్నది సోవియట్ కాలపు జెనిత్-ఇ. 1965లో తయారీ మొదలైన ఈ రిఫ్లెక్స్ కెమెరా మీటరుకు బ్యాటరీ అక్కరలేదు. లెన్సుకు పైన అమర్చిన సెలీనియం ఫలకంపై వెలుతురు పడినప్పుడు పుట్టే స్వల్ప విద్యుత్తే సూదిని కదుపుతుంది. మీటరుకూ షట్టరుకూ లంకె లేదు. సూది చెప్పినది చదివి, వేగాన్నీ ఎపర్చరునూ మన చేత్తో మనమే పెట్టుకోవాలి. 1964 నాటి పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లెన్సు గుండా వచ్చిన వెలుతురునే కొలిచింది. కొలత మెరుగుపడింది గాని, బూడిదరంగు నమ్మకం మారలేదు.

ఆ నమ్మకానికి గట్టి పరీక్ష బిలాస్‌పూర్. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన ఆ పట్టణం మీదుగా కోర్బా బొగ్గు తరలిపోతుంటుంది. నల్లని వ్యాగన్లతో ఫ్రేము నిండితే మీటరు ఎక్కువ వెలుతురు అడుగుతుంది. అడిగినంతా ఇస్తే బొగ్గు బూడిదలా కనిపిస్తుంది. ఒకటి రెండు స్టాపులు తగ్గిస్తేనే బొగ్గు బొగ్గులా ఉంటుంది. తెల్లని కుర్తాలు నిండిన రాజకీయ వేదికకు ఇదే లెక్క తలకిందులవుతుంది.

ఆ ఊళ్ళో రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అలాంటి ఒక విశ్రాంత ఉద్యోగి, ప్లాట్‌ఫారం కప్పు నీడలో నిలబడి, వెనుక మండుతున్న ఎండను చూపి నన్నడిగారు: “ఎండను తీస్తన్నారా బాబూ, నన్ను తీస్తన్నారా?” అంతకు మించిన ఫొటోగ్రఫీ పాఠం లేదు. దూరం నుంచి కొలిస్తే ఎండదే పైచేయి, మనిషి నల్లని నీడగా మిగులుతాడు. దగ్గరికి వెళ్ళి, నా నీడ పడకుండా ఆయన ముఖం వద్ద కొలత తీసుకొని, వెనక్కి వచ్చి మీట నొక్కాను. ఆయన చామనఛాయకు ఆ లెక్క చక్కగా సరిపోయింది. వెనుక ఆకాశం మాత్రం తెల్లగా పాలిపోయింది. రెండూ దక్కవు; ఏది దక్కాలో నిర్ణయించవలసింది తీసేవాడే.

మా వృత్తిలో తటస్థత పేరుతో చలామణీ అయ్యేది తరచుగా ఈ మధ్యరంగే. 2021 అక్టోబరులో హస్‌దేవ్ అరణ్య ప్రాంతపు ఆదివాసులు బొగ్గు గనులు వద్దంటూ సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయపూర్ చేరారు. దాన్ని ‘అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య వివాదం’ అని ఒక్క వాక్యంలో సర్దవచ్చు. ఆ వాక్యంలో అబద్ధమేమీ లేదు. నడిచిన మనిషి ముఖమూ లేదు. ప్రభుత్వ వాదనను దాచమని నేననడం లేదు. దాన్నీ దగ్గరికి వెళ్ళే కొలవాలి. బొగ్గునూ కుర్తానూ ఒకే రంగులోకి తేవడం మాత్రం న్యాయం కాదు.

అందుకే ఏ వార్త చదివినా పాఠకులు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కొలత ఎక్కడ నిలబడి తీసుకున్నారు?