మాచర్ల యాత్రకు ముందు

మాచర్ల చెన్నకేశవస్వామిని దర్శింపవలెనని మా అత్తగారికి చిరకాలవాంఛ. ఆమె ఉబ్బసపు మనిషి. మేము కొనిన పాతకారు 2018 నాటిది. ప్రతి ఉదయమున దానిని కదలించినపుడు పెట్రోలు కంపు ఆమె గదిలోనికి వచ్చి దగ్గు తెప్పించుచుండెను. కాలుష్యపరీక్షా పత్రమునకు గడువు ఆ వారముననే తీరనుండెను.

“బండి తేనక్కరలేదు, నంబరు చెప్పుడు, పత్రము తెచ్చి యిచ్చెదను” అని యొకడు మావారితో ననెను. పత్రము లేనిచో 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చును. బడికి సెలవు లేదు. మావారు తటపటాయించిరి. “పత్రము మారిన పొగ మారునా? పిల్లవాడు చూచి వ్రాసిన మీరు మార్కులు వేయుదురా?” అంటిని. వారు మారుపలుకక కారును మరమ్మతుకు తోలిరి.

పనివాడు చూపగా తెలిసినది. స్పార్కుప్లగ్గులు అరిగి పెట్రోలు సరిగా కాలకుండెను. పొగగొట్టపు అతుకు వదులై గాలి చొరబడి, ఆమ్లజనిని కొలుచు పరికరము తప్పు లెక్క చెప్పుచుండెను. అందులకే నెలనాళ్లుగా పసుపుదీపము వెలుగుచుండెను. మేము దానిని లక్ష్యపెట్టలేదు. గొట్టమున ప్లాటినము మొదలగు లోహముల పూతగల శోధకపాత్ర యొకటి గలదు. అది విషవాయువులను విరిచివేయును. కాలని పెట్రోలు దానిలో బడిన అదియే మాడిపోవును. అది సుమారు 300 డిగ్రీల వేడికి గాని చక్కగా పనిచేయదు. కావున చల్లని బండిని పరీక్షకు తీసికొనిపోరాదు.

ప్లగ్గులు మార్చి, అతుకు బిగించి, దుమ్ముపట్టిన గాలివడపోతను గూడ మార్పించితిమి. పిదప కోటప్పకొండదాక పోయివచ్చి, ఆ వేడిమీదనే పరీక్షకు నిలిపితిమి. గొట్టములో సన్నని కడ్డీ దూర్చి కొలిచిరి. మా తరగతి బండికి కార్బను మోనాక్సైడు నూటికి 0.3 పాళ్లు మించరాదు. మాది అంతకు లోపలనే నిలిచినది. ఏడాదికి పత్రము లభించెను.

ఆదివారమున బయలుదేరితిమి. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు దాటి, నలగామరాజు గురజాల మీదుగా మాచర్ల చేరితిమి. కోడిపందెమున మోసము జరిగెననియు, ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు ప్రవాసము చేసిరనియు, తుదకది కారంపూడి రణమునకు దారితీసెననియు అత్తగారు దారి పొడుగునను కథ చెప్పిరి. మావారు నావంక చూచి నవ్విరి.

బట్టీలకడ ఆమె దగ్గకపోలేదు. ఆ పొగ మా చేతిలోనిది కాదు. మన పెరటిలోని పొగ మాత్రము మన చేతిలోనిదే. ఇప్పుడు ఉదయమున కారు కదలించునపుడు అత్తగారు కిటికీ మూయుట లేదు.