మెట్రో గల్లీలో నాన్నగారి కెమేరా

కలకత్తాలో చౌరంగీ రోడ్డు మీద, 1935లో ప్రారంభమైన మెట్రో సినిమా హాలును ఆనుకొని ఒక ఇరుకైన సందు ఉంది. నగరానికి కోల్‌కతా అని పేరు మారినా, ఆ సందును మాత్రం అందరూ ఇప్పటికీ మెట్రో గల్లీ అనే అంటారు. కెమేరాల బేరాలకూ, మరమ్మతులకూ అది పేరుపడిన చోటు. ఒక అనువాదకుల సదస్సు నిమిత్తం ఆ నగరానికి వెళ్లిన నేను, సదస్సు ముగిసిన మరునాటి ఉదయం తువ్వాలులో చుట్టిన ఒక బరువైన వస్తువును సంచిలో పెట్టుకొని ఆ సందులో అడుగుపెట్టాను.

అది మా నాన్నగారి యాషికా 635. నిలువుగా పెట్టెలా ఉండి, ముందు భాగాన రెండు లెన్సులు గల కెమేరా. పైలెన్సు చూడడానికి, కిందిలెన్సు బొమ్మ తీయడానికి. 1958లో జపానులో తయారు కావడం మొదలైన ఈ రకానికి 120 ఫిలిం వేస్తే 12 చతురస్రపు బొమ్మలు వస్తాయి. కోనసీమలోని మా ఊళ్లో నాన్నగారు నడిపిన చిన్న స్టూడియోకు ముప్పై ఏళ్లపాటు అన్నం పెట్టినది అదే.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా ప్రాంతపు పెద్దలెవరూ మరచిపోలేరు. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించిన వరద అది. అప్పటికి నాకు ఆరేళ్లు. లంకలో ఉన్న నాయనమ్మను తీసుకురావడానికి నాన్నగారు నాటుపడవలో బయలుదేరారు. కెమేరా మెడలోనే ఉంది. ఇంటి కప్పు మీద, ఒడిలో మేకపిల్లతో కూర్చున్న నాయనమ్మను దూరం నుంచే ఒక ఫోటో తీశారు. తిరుగు ప్రయాణంలో పడవ కొబ్బరిచెట్టుకు కొట్టుకొని ఒరిగిపోయింది. మనుషులందరూ దక్కారు. కెమేరా మాత్రం మెడలో ఉండగానే బురదనీట మునిగింది. చెట్టుకు తగిలి దాని మూల సొట్టబోయింది.

తడిసిన ఫిలిం ఆరితే పొరలు అంటుకుపోతాయని నాన్నగారికి తెలుసు. అందుచేత రీలును మంచినీళ్ల చెంబులో వేసి, తడి ఆరకుండానే చీకటిగదికి చేర్చి కడిగారు. 12 బొమ్మల్లో అయిదు నిలిచాయి. వాటిలో ఒకటి కప్పు మీది నాయనమ్మ. మరుసటి ఏడే ఆమె కన్నుమూసింది. ఆమెకు మరొక ఫోటో లేదు. కెమేరాను విప్పి, నూతినీటితో కడిగి, ఆరబెట్టి, పది రోజుల తరువాత దానితోనే నాన్నగారు ఒక పెళ్లికి వెళ్లారు.

అటువంటి కెమేరా నిరుడు బీరువా మీదనుంచి జారి పడి మూగబోయింది. నాన్నగారికి ఇప్పుడు ఎనభై రెండేళ్లు. నీటికాసులు చూపును హరించాయి. ఫోటో తీయలేరు. అయినా ప్రతి సాయంకాలం కెమేరాను ఒళ్లో పెట్టుకొని షట్టరు నొక్కి ఆ చప్పుడు వినడం ఆయన అలవాటు. “లోపల ఏదో పట్టేసిందిరా” అని ఒక్కమాట అన్నారు. బాగుచేయించమని అడగలేదు.

మెట్రో గల్లీలో నేను చేరిన దుకాణం ఒక పెద్ద బల్ల కంటే వెడల్పు లేదు. డెబ్బై దాటిన ఆ పనివాడు కెమేరాను చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా ఊపాడు. మూలనున్న సొట్టను బొటనవేలితో తడిమి, “ఇది పాత దెబ్బ. దీనితో బాధ లేదు” అన్నాడు హిందీలో.

ముందుపలక విప్పాక విషయం తెలిసింది. ఈ షట్టరులో పలుచని ఉక్కురేకులు ఒకదానిమీద ఒకటి ఒదిగి ఉంటాయి. స్ప్రింగు వాటిని తెరిచి మూస్తుంది. సెకండు, అర సెకండు వంటి నిదానపు వేగాలకు గడియారంలో ఉన్నట్టే చిన్న పళ్లచక్రాల వరుస అడ్డుపడి ఆలస్యం కలిగిస్తుంది. బ్యాటరీతో నిమిత్తం లేదు. ఏళ్లు గడిచి నూనె జిగురై రేకులు అంటుకున్నాయి. పడిన దెబ్బకు లెన్సుల పలక ఒకవైపు వంగింది. అలా వంగితే బొమ్మలో ఒక పక్క మసకబారుతుంది. అతడు రేకులను పెట్రోలుతో కడిగాడు; చక్రాలకు సూదిమొనతో నూనె తాకించాడు; ఫిలిం ఉండవలసిన చోట గరుకు గాజు పెట్టి, బొమ్మ నాలుగు మూలలా సమంగా తేరేవరకు పలకను సరిచేశాడు.

మధ్యలో పలక వెనుకనుంచి మెత్తని గోధుమరంగు పొడి కాగితం మీద రాలింది.

“ఇది ఏ నది, దాదా?” అని నన్నే అడిగాడు.

“గోదావరి” అన్నాను. అతడు తలపంకించి, నేను అడగకుండానే కాగితాన్ని పొట్లం కట్టి నా చేతికిచ్చాడు.

పని సాగుతుండగా కాసేపు అలా నడిచివచ్చాను. దగ్గరలోనే బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో ఉండిన భవనం కనిపించింది. 1991 అగ్నిప్రమాదంలో ఆ స్టూడియో దాచుకున్న పాత ఛాయాచిత్రాలు కాలిపోయాయి; 2016లో స్టూడియో మూతబడింది. ఇందుకు భిన్నమైన కథ ఉత్తరధ్రువ ప్రాంతానిది. 1897లో బెలూనులో ధ్రువానికి బయలుదేరిన ఆండ్రే బృందం మంచులో మరణించింది. 33 ఏళ్ల తరువాత, 1930లో వారి శిబిరం బయటపడినప్పుడు స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిలిం కూడా దొరికింది. దానినుంచి 93 బొమ్మలను రాబట్టగలిగారు. రాజధాని నగరంలో భద్రపరచినవి పోయాయి, మంచులో విడిచినవి దక్కాయి. వస్తువు గట్టిదైతే చాలదు. దానిని ఓపికతో విప్పగల చెయ్యి కూడా వేళకు దొరకాలి.

సాయంత్రానికి షట్టరు పలికింది. డబ్బు పుచ్చుకుంటూ ఆ వృద్ధుడు, “అన్నీ సరిగా ఉన్నాయి. అర సెకండు మాత్రం కాస్త నిదానం. ఒక చక్రం పళ్లు అరిగాయి. దానికి మారు దొరకదు” అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను.

ఇల్లు చేరాక కెమేరాను నాన్నగారి ఒళ్లో పెట్టాను. ముందు ఆయన వేళ్లు సొట్టను వెతికాయి. అది అక్కడే ఉందని తేలాక మీట లాగి, ఒక్కొక్క వేగానికీ మార్చుతూ షట్టరు నొక్కసాగారు. స్టూడియో రోజుల్లో వేగాలను చెవితోనే కనిపెట్టే అలవాటు ఆయనకు. అయిదువందల వంతు నుంచి కిందికి దిగుతూ అర సెకండు దగ్గర ఆగారు. మరోసారి నొక్కారు.

“ఇది కొద్దిగా ఈడుస్తోంది” అన్నారు.

నిజం ఒప్పుకున్నాను. నాన్నగారు నవ్వారు. “దాన్ని నేనెప్పుడు వాడాను గనక! నాయనమ్మను తీసింది నూట ఇరవై అయిదులో” అని, ఆ వేగానికి తిప్పి మళ్లీ నొక్కారు.